డ్రోనును ఆపు అధికారము

అశోక్‌నగరులో మా మిత్రుడొక గృహస్థు కలడు. ఉద్యోగవిరమణ చేసిన పిమ్మట ఉదయమొకసారి, సాయంకాలమొకసారి చిక్కడపల్లి గ్రంథాలయమునకు పోయి వచ్చుట తప్ప ఆయనకు వేరు వ్యాపకము లేదు. మొన్నటి మాఘమాసమున, పెండ్లి ముహూర్తములు జోరుగానున్న దినములలో, సంధ్యవేళ ఒక డ్రోను వచ్చి ఆయన మేడపైని ఆకాశమున నిలుచుట మొదలుపెట్టెను. తుమ్మెద ఝంకారమువంటి ధ్వని, క్రింది ముఖమున ఒక కన్ను. మేడమీద ఆరవేసిన బట్టలు తీయబోయిన కోడలు ఆ కంటిని చూచి వెనుకకు దిగి వచ్చినది. రెండవనాడును అట్లే జరిగెను. మూడవనాడు కుమారుడు సెల్‌ఫోనులో వెదకి తుపాకివలె కనబడు ఒక వస్తువు బొమ్మను తండ్రికి చూపెను. దానిని ఎక్కుపెట్టి మీట నొక్కినచో డ్రోను దిక్కు తెలియక నేలకు దిగునట. విదేశపు ప్రకటన. ధర మాత్రము వ్రాయలేదు.

విదేశమునుండి తెప్పించుట ఎందుకు, కోఠీలో దొరకని వస్తువుండునా యని మా మిత్రుడు సుల్తాన్ బజారునకు బయలుదేరెను. ఆ నమ్మకము నిరాధారమైనది కాదు. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి నారాయణగూడ దాటి సుల్తాన్ బజారు స్టేషనులో దిగి నాలుగడుగులు వేసినచో గుజరాతీ గల్లీ. పూర్వము రేడియోకు వాల్వు కాలిపోయిన, ట్రాన్సిస్టరుకు కండెన్సరు కావలసిన, నగరమంతయు అచటికే పోవుచుండెడిది. ఇప్పుడు కాపలా కెమెరాలు, వైఫై పెట్టెలు, పిల్లల డ్రోనులకు మరరెక్కలు అన్నియు అచట దొరకును. కాని ఈ వస్తువు పేరెత్తగానే దుకాణదారుడు చేతులు జోడించెనట. “ఆ సరుకు అమ్మితే మా దుకాణానికే తాళం పడుతుంది సాబ్. అది పోలీసువాళ్ళది, ఫౌజువాళ్ళది” అనెనట.

తిరుగుదారిలో మా మిత్రుడు మా యింటికి వచ్చెను. “మీరు రేడియోవారు గదా, తరంగముల సంగతి మీకే తెలియవలెను. నా మేడమీదికి వచ్చినదానిని నేను ఆపకూడదన్నచో ఇది ఏమి న్యాయమండీ?” అని అడిగెను. ఆయనకు మేమిచ్చిన సమాధానమునే కొంత విస్తరించి ఇచట చెప్పుచున్నాము. ఇంతకు దుకాణదారుడు చెప్పినదే సరియైన మాట. డ్రోను తరంగములను అడ్డగించు యంత్రమును, అనగా జామరును, మన దేశమున సామాన్య గృహస్థు కొనరాదు, దిగుమతి చేసికొనరాదు, వాడరాదు. వర్తకుడు దానిని ప్రకటించుటయు, అమ్ముటయు కూడదు.

ఈ నిషేధమునకు మూలము మన శ్రోతలలో పెద్దలైనవారు ఎరిగినదే. ఒకప్పుడు ఇంట రేడియో ఉన్నచో తపాలా కార్యాలయమున ఏటేట రుసుము కట్టి లైసెన్సు పుస్తకముపై ముద్ర వేయించుకొనుట ఉండెడిది. పాట వినుటకు సర్కారు అనుమతి యేలయని నాడు చాలమంది విసుగుకొనిరి. ఆ పద్ధతి 1980ల దశకమున పోయినది. కాని దాని వెనుకనున్న సూత్రము పోలేదు. 1885 నాటి టెలిగ్రాఫు చట్టము తంతి వార్తల వ్యవస్థను ప్రభుత్వాధీనము చేసినది. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము ఇంకొక అడుగు ముందునకు వేసి, నిస్తంత్రీ పరికరమును వాడుట మాట యటుంచి అనుమతి లేక కలిగియుండుటయే నేరమని చెప్పినది. తరంగములను వెలువరించు యంత్రమైనచో మూడేండ్లవరకు కారాగారము, లేదా వేయి రూపాయలవరకు జరిమానా, లేదా రెండును. వేయి రూపాయలన్న ఆ మొత్తమును చూచినచో చట్టపు వయస్సు తెలియును గాని, కారాగారపు మాట నేటికిని చిన్నది కాదు. ఈ పాత చట్టముల స్థానమున ఉండదగినదిగా పార్లమెంటు 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టమును చేసినది. 2024 జూన్ 26 మొదలుకొని దాని భాగములు దశలవారీగా అమలులోనికి రాసాగినవి. రేడియో పరికరమును కలిగియుండుటకు ప్రభుత్వ అనుమతి కావలెననెడి సూత్రమును ఆ చట్టమును విడువలేదు.

1933 అనగానే మాకు సుల్తాన్ బజారు మరల జ్ఞప్తికి వచ్చుచున్నది. అంతకు పూర్వము ఇది రెసిడెన్సీ బజారు. నగరమంతయు నిజాముగారి యేలుబడిలో నుండగా ఈ పేటలో మాత్రము బ్రిటిషు రెసిడెంటు అధికారము చెల్లుచుండెను. వీధికి ఈవలి ప్రక్క ఒక చట్టము, ఆవలి ప్రక్క వేరొక చట్టము. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ఈ ప్రాంతముననే వెలసినదనిన, ఆ సరిహద్దు తెలుగు చదువరులకు కొంత మేలే చేసినదని చెప్పవచ్చును. 1933లో ఈ బజారు నిజాముగారి పాలనకు మరలి సుల్తాన్ బజారు అయ్యెను. నేలమీద అట్లు గీత గీసి ఇచటివరకు నాది, అచటినుండి నీది అనవచ్చును. తరంగములకు ఆ గీత లేదు. మా మిత్రునితో మేము మొదట చెప్పినది ఇదియే.

డ్రోనును నడుపువాని చేతి పెట్టెకును డ్రోనుకును నడుమ సాగు సంభాషణ చాలవరకు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతమునను, 5.8 గిగాహెర్ట్జ్ ప్రాంతమునను జరుగును. మన యిండ్లలోని వైఫై, చెవిలో పెట్టుకొను బ్లూటూత్ పరికరములు నివసించునదియు ఆ వీధులలోనే. డ్రోను తానెచట నున్నదో తెలిసికొనుటకు జీపీఎస్ సంకేతములను వినును. అవి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తుననున్న ఉపగ్రహములనుండి వచ్చునవి. మన మేడను చేరునప్పటికి అవి గుసగుసకంటె బలహీనములై యుండును. జామరు చేయునది సూక్ష్మమైన పని కాదు. హరికథ జరుగుచున్న పందిరి ప్రక్క లౌడుస్పీకరు పెట్టి అరచినట్లు, అదే ప్రాంతమున అర్థము లేని రొదను గట్టిగా వెలువరించుటయే. ఆ రొదకు డ్రోను ఏదో, ప్రక్కయింటి వైఫై ఏదో తెలియదు. మా హైదరాబాదు కేంద్రము 738 కిలోహెర్ట్జ్‌లపై మాటలాడుచున్నది. ఎవరైన ఆ సంఖ్యపైననే రొద పెట్టినచో మీరు మా ప్రసంగము వినలేరు, మేము వినిపింపనులేము. రొద పెట్టినవాని ఉద్దేశము మంచిదా చెడ్డదా అన్నది అచట అప్రస్తుతము.

ఇది మా వృత్తివారికి కొత్త దుఃఖము కాదు. ప్రచ్ఛన్న యుద్ధకాలమున సోవియట్ ప్రభుత్వము విదేశ ప్రసారములు తన ప్రజల చెవిని పడకుండ ఏండ్లతరబడి రొద వెలువరించు స్టేషనులను నడిపినది. బీబీసీపై ఆ జామింగు 1987లో గాని ఆగలేదు. జామింగు అను మాటను రేడియోవారు విన్నప్పుడు కలుగు వెగటు దానినుండి వచ్చినదే. మేము ఈ విషయమున పూర్తిగ నిష్పక్షపాతులము కామేమో యని శ్రోతలు అనుకొన్నను కాదనము.

ఇంటి పెద్ద తన యింటి మేలుకోరి పెట్టిన జామరు ఊరినంతను ఎట్లు మూగపరచునో ఫ్రాన్సు దేశమున జరిగిన ఒక ఉదంతము చెప్పును. ఆ దేశపు నైరృతి తీరమున మెస్సాంజ్ అను చిన్న ఊరు కలదు. రాత్రి పండ్రెండు మొదలు మూడు గంటలవరకు అచట ఫోనులు, ఇంటర్నెట్టు ప్రతిదినము ఆగిపోవుచుండెను. పొరుగూరిలోను అదే స్థితి. తరంగముల పర్యవేక్షణ చేయు సంస్థవారు ఒక రాత్రి యంత్రములున్న బండితో వీధులు తిరిగి ఆ రొద ఒక యింటినుండి వచ్చుచున్నదని పట్టిరి. ఆ యింటి తండ్రి, పిల్లలు రాత్రులు నిద్రమాని ఫోను చూచుచున్నారని, జామరు తెప్పించి పెట్టెను. దోషము అంతే. ఆ దేశపు చట్టప్రకారము అట్టి నేరమునకు ఆరు నెలలవరకు కారాగారము, 30 వేల యూరోలవరకు జరిమానా. సంగతి 2022లో బయటకు వచ్చినది.

అమెరికాలో 2012లో ఇంకొకటి జరిగెను. కంపెనీ బండి నడుపు ఒకతడు, తాను ఎచట తిరుగుచున్నదియు యజమానికి తెలియకుండుటకై, బండిలో చిన్న జీపీఎస్ జామరు పెట్టుకొనెను. ఆ బండి న్యూఆర్క్ విమానాశ్రయము ప్రక్కగా పోయినప్పుడు విమానములను సరిగా దింపుటకై అచట నెలకొల్పుచున్న ఉపగ్రహ సహాయక వ్యవస్థకు ఆటంకము కలిగినది. అధికారులు సుమారు 32 వేల డాలర్ల జరిమానాకు నిర్ణయించిరి. ఉద్యోగము సైతము పోయినది. ఆ మనుష్యుడు విమానముల మాట తలచియైన యుండడు.

మన నగరమున ఇట్టి ప్రమాదము ఏ రూపమున రాగలదో ఊహించుట కష్టము కాదు. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు సేవ మొదలైనది ఈ హైదరాబాదులోనే. ఆ మూడంకెలు నేడు పల్లె ముసలమ్మకును కంఠస్థము. ఇరుకు సందులో, మూడంతస్తుల మేడలో, ఎవరికో గుండెనొప్పి వచ్చిన వేళ ప్రక్కయింటివారి జామరు పనిచేయుచున్నచో ఆ మూడంకెలు నొక్కినను ఫలితముండదు. ఫోను చెడిపోయినదనుకొందురే గాని కారణము గోడ ఆవల నున్నదని ఆ యింటివారికి తోచదు.

ఈ కారణములన్నింటిని పురస్కరించుకొని కేంద్ర టెలికాం శాఖ 2022 జనవరి 21న ఆన్‌లైను అంగళ్ళవారికి నోటీసు ఇచ్చినది. అదే సంవత్సరము జూలై 1న ప్రజలందరికి ఒక సూచన ప్రకటించినది. సెల్‌ఫోను జామరు, జీపీఎస్‌ను అడ్డగించు పరికరము, సంకేతములను అడ్డగించు మరి యే యంత్రమైనను ప్రభుత్వము ప్రత్యేకముగా అనుమతించిననే తప్ప చట్టవిరుద్ధము. ప్రైవేటు సంస్థలు గాని, వ్యక్తులు గాని జామరులను సంపాదింపరాదు, వాడరాదు. ఈ మాటలలో ఎచటను సందు లేదు. అదే సూచనలో సిగ్నలును పెంచు బూస్టరుల ప్రస్తావనయు ఉన్నది. లైసెన్సు గల టెలికాం సంస్థలు తప్ప ఇతరులు అవి పెట్టుకొనరాదు. సుల్తాన్ బజారు సందులలో, లోపలి గదుల దుకాణములలో ఫోను మ్రోగదని అట్టి పెట్టెలు తగిలించుకొనువారు ఉన్నచో ఇది వారికిని వర్తించును. వాకీటాకీల విషయమునను ఇట్టిదే జరిగినది. 2025 మే నెలలో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అనుమతి వివరములు లేక వాకీటాకీలను అమ్మకమునకు పెట్టినవని 13 ఆన్‌లైను అంగళ్ళకు నోటీసులు పంపినది. తెరమీద కనబడిన ప్రతి వస్తువును కొనుటకు అనుమతి ఉన్నదే యని తలచుట పొరపాటనుటకు ఇది తార్కాణము.

మరి ఎవరు కొనవచ్చును? సైన్యము, కేంద్ర పోలీసు బలగములు, రాష్ట్ర ప్రభుత్వములు, చెరసాలలు. వారును కేంద్ర మంత్రివర్గ కార్యాలయపు భద్రతా విభాగమువారి అనుమతి పొందవలెను. సరఫరాకై నిర్దేశింపబడినవి ప్రభుత్వరంగ సంస్థలు. ఒకటి బెంగుళూరి భారత్ ఎలక్ట్రానిక్స్, రెండవది మన కుషాయిగూడలోని ఈసీఐఎల్. 1967లో నెలకొల్పబడిన ఈసీఐఎల్ పేర నగరమున ఒక కూడలియే వెలసినది. ఆ కూడలినుండి సుల్తాన్ బజారునకు సిటీ బస్సులో రావచ్చును, కాని ఆ కార్ఖానాలో తయారగు వస్తువు మాత్రము ఈ బజారునకు రాదు. మా మిత్రుడు ఈ మాట విని నవ్వెను. ఆ సాయంకాలము ఆయన నవ్వినది అదియొక్కసారే.

అశోక్‌నగరువారికి ఈ జామరు వేరొక రూపమున పరిచయమే. గ్రూప్ పరీక్షలకు చదువు బాలబాలికలతో ఆ వీధులు, చిక్కడపల్లి గ్రంథాలయపు మెట్లు, టీ బండ్లు కిటకిటలాడుచుండును. ఏండ్లతరబడి అద్దె గదులలో నుండి చదివిన అభ్యర్థికి, ఎవరో చెవిలో యంత్రము దాచుకొని జవాబులు విన్నారన్న వార్తకంటె క్రూరమైనది వేరొండు లేదు. అందుచేత 2016లో పరీక్షలు నిర్వహించు చట్టబద్ధ సంస్థలకు, తగిన అనుమతితో, తక్కువ శక్తి గల జామరులను పరీక్షా కేంద్రములలో వాడుటకు వీలు కల్పింపబడినది. ఈ సౌకర్యము సంస్థలకే గాని కోచింగు కేంద్రములకు కాదు. తరగతిలో పిల్లలు ఫోను చూచుచున్నారని యజమాని తానే జామరు పెట్టుట కుదరదు. ఫ్లోరిడాలో ఒక ఉపాధ్యాయుడు 2015లో ఇట్లే తరగతిలో జామరు పెట్టి, సమీపపు టెలిఫోను గోపురమునకే ఆటంకము కలిగింపగా, అయిదు దినములు జీతము లేక సస్పెండు అయ్యెను. ఆయన తలపెట్టినది పాఠమునకు భంగము కలుగకూడదని మాత్రమే. ఫోనులను గుమ్మము దగ్గర బుట్టలో వేయించుట వెనుకటి పద్ధతియైనను చట్టమునకు లోబడినది.

“తరంగముల యంత్రము వద్దండీ, ఒక వల విసరెదను, లేదా రాయి విసరెదను” అని మా మిత్రుడనెను. పల్లెలో మామిడితోటకు వచ్చిన కోతులకు వడిసెల వాడిన చేతులవి. దానికిని చట్టము ఒప్పుకొనదు. డ్రోను మన దేశపు శాసనముల దృష్టిలో ఒక విమానము. 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోను నియమములు విమాన చట్టము క్రింద చేసినవే. ఆ 1934 నాటి చట్టమునకు బదులు 2025 జనవరి 1 నుండి భారతీయ వాయుయాన అధినియమము అమలులోనికి వచ్చినది. పాత చట్టపు నిర్వచనములో విమానము అను పదమున గాలిపటమును చేర్చిరి! సంక్రాంతినాడు మన మేడలమీద ఎగురు పతంగులు ఆ లెక్కన విమానములే. ఇది చదివినప్పుడు మాకు చట్టము వ్రాసినవారిపై కొంత ప్రేమ కలిగెను. ఏమైనను పరుని ఆస్తిని బుద్ధిపూర్వకముగా పాడుచేయుట నేరము. 2024 జూలై 1 నుండి అమలులోనున్న న్యాయసంహితలో 324వ సెక్షను ఇట్టి నష్టమును గూర్చి చెప్పును. తుపాకి పేల్చినచో ఆయుధముల చట్టము వేరుగా పట్టుకొనును.

శాసనము సంగతి అటుంచుడు. గురుత్వాకర్షణ సంగతి చూడుడు. రెండు కిలోల వస్తువు నూరడుగుల ఎత్తునుండి, తిరుగుచున్న మరరెక్కలతో, మంటపట్టగల బ్యాటరీతో, పండుగ ముందటి సాయంకాలమున సుల్తాన్ బజారు చీరల దుకాణముల నడుమ పడినచో ఎవరి నెత్తిన పడునో చెప్పుటకు వీలు లేదు. నైలాను మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునలు నిషేధించినది దారిన పోవువారి మెడలు, పక్షుల రెక్కలు తెగుచున్నవనియే. పైదానిని క్రిందికి తెచ్చు ఉపాయము క్రిందివారికి ప్రాణాంతకము కాగలదని మన నగరమునకు పతంగులే నేర్పినవి.

పైగా ఆ ఎగురునది ఏమి మోయుచున్నదో క్రిందినుండి తెలియదు. 2021 సెప్టెంబరు 11న వికారాబాదులో డ్రోనులతో టీకా మందులు పంపు ప్రయోగము ప్రారంభమైనది. 2024 అక్టోబరులో డ్రోను సేవలు మొదలైన ఆస్పత్రులలో బీబీనగరు, మంగళగిరి ఎయిమ్సులు రెండును కలవు. పొలములలో మందు చల్లు డ్రోనులు సరేసరి. ఎవరికి తోచినట్లు వారు తరంగములను ఆపుట మొదలైనచో మొదట దారి తప్పునది చాటుగా చూచువాని డ్రోనో, రోగికి మందు తెచ్చు డ్రోనో చెప్పలేము.

అట్లని దుష్టమైన డ్రోను అన్నది కల్పన కాదు. 2018 డిసెంబరులో లండను దగ్గరి గాట్విక్ విమానాశ్రయమున డ్రోనులు కనబడినవను కారణమున సుమారు వేయి విమానములు ఆగుటయో, దారి మళ్ళుటయో జరిగెను. 2021 జూన్ 27న జమ్మూలోని వాయుసేన స్థావరముపై డ్రోనులు పేలుడు పదార్థములను జారవిడిచినవి. 2025 మే నెలలో పడమటి సరిహద్దుమీదికి వచ్చిన డ్రోనుల గుంపుల వార్తలను మా కేంద్రమునుండియే రాత్రులు చదివియున్నాము. వీనిని ఎదుర్కొను పనిలో మన నగరమునకు పెద్ద పాత్ర కలదు. చాంద్రాయణగుట్టలోని రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనాలయము, అధికశక్తి కిరణములపై పనిచేయు ‘చెస్’ అను కేంద్రము ఈ విద్యలోనివే. ‘చెస్’ వారు రూపొందించిన లేసరు ఆయుధము 2025 ఏప్రిల్ 13న కర్నూలు జిల్లాలోని పరీక్షా క్షేత్రమున ఎగురుచున్న డ్రోనును కాల్చి కూల్చినది. అట్టి యంత్రము వెనుక శిక్షణ పొందిన మనుష్యులు, ముందు తెరపించిన ఆకాశము, పైన ఉత్తరువు ఇచ్చు అధికారి ఉందురు. మా మిత్రుని మేడమీద ఈ మూడింటిలో ఏదియు లేదు. తులసికోట, నీళ్ళ ట్యాంకి, బట్టల దండెము మాత్రము కలవు.

ఇంతవరకు మేము చట్టము పక్షముననే మాటలాడితిమి. ఇక మా అసంతృప్తిని దాచనక్కర లేదు. పౌరుడు ఏమి చేయరాదో శాసనము ఇంత స్పష్టముగా చెప్పినది. అతడు చేయరానిదానిని అతని కొరకు ఎవరు, ఎంతలో చేసిపెట్టుదురో అంత స్పష్టముగా చెప్పలేదు. 2018లో పౌరవిమానయాన శాఖ చేసిన నిబంధనలలో డ్రోను నడుపువాడు ఎవరి గోప్యతకును భంగము కలిగింపరాదనెడి వాక్యము ఉండెను. 2021 నాటి నియమములలో అట్టి సూటియైన వాక్యము కానరాదు. డ్రోను పరిశ్రమకు సంకెళ్ళు తగ్గింపవలెనన్న తలంపు మంచిదే. కాని ఆ సంకెళ్ళతో కూడ గృహస్థుని తలుపు గొళ్ళెము ఊడకూడదు. గోప్యత పౌరుని మౌలిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము చెప్పియున్నది. ఆ తీర్పు నాలుగు గోడలకే గాని మేడపైని దండెమునకు వర్తించదని ఎవరనగలరు? 2025 సెప్టెంబరులో డ్రోనులకు ప్రత్యేకమైన బిల్లు ముసాయిదాను ప్రభుత్వము ప్రజాభిప్రాయమునకై విడుదల చేసినది. గృహస్థుని ఫిర్యాదుకు గడువు, బాధ్యుడగు అధికారి, ఈ రెండును శాసనమున ఎక్కవలెనని మా అభిప్రాయము. చేతిలోని కర్రను తీసికొనినవాడు కాపలాకు మనిషిని నిలుపవలెను గదా.

ఉన్న చట్టములో మా మిత్రునికి ఆధారము లేకపోలేదు. డ్రోనులకు రంగుల పటము కలదు. పచ్చ ప్రాంతమున 400 అడుగులవరకు ముందనుమతి అక్కరలేదు. పసుపు ప్రాంతమున విమాన రాకపోకల అధికారి అనుమతి కావలెను. ఎరుపు ప్రాంతమున కేంద్ర ప్రభుత్వపు అనుమతి. బేగంపేట విమానాశ్రయము చిక్కడపల్లికి ఎంతో దూరము కాదు గనుక ఏ మేడ ఏ రంగులోనున్నదో డిజిటల్ స్కై పటమున చూచుకొనవలెను. డ్రోనునకు రిజిస్ట్రేషను సంఖ్య ఉండవలెను. 250 గ్రాములు మించిన డ్రోనును వృత్తికై నడుపువానికి పైలటు ధ్రువపత్రము ఉండవలెను. నియమము తప్పినచో లక్ష రూపాయలవరకు జరిమానా. పండుగలకు, ప్రముఖుల రాకకు నగర పోలీసు కమిషనరు ఇచ్చు నిషేధపుటుత్తరువులు వేరుగా నుండును. స్త్రీ ఏకాంతముననుండగా ఆమెకు తెలియకుండ చిత్రము తీయుట న్యాయసంహిత 77వ సెక్షను క్రింద నేరము. డ్రోనుతో తీసినను అది నేరమే. కనుక మేము ఆయనకు చెప్పినది, మరల వచ్చినప్పుడు వేళ వ్రాసికొనుడు, ఏ దిక్కునుండి వచ్చి ఏ దిక్కునకు మరలెనో చూడుడు, మీ ఫోనుతో దానినే చిత్రము తీయుడు, 100కు గాని 112కు గాని ఫోను చేయుడు అని. డ్రోనును కంటితో చూచుట, కెమెరాతో పట్టుట నిషిద్ధము కాదు. సుల్తాన్ బజారులో ఆయన కొనదగిన డ్రోను నిరోధక పరికరము ఏదైన ఉన్నదన్న అది ఒక మంచి కాపలా కెమెరాయే.

నాలుగవనాటి సాయంకాలము డ్రోను మరల వచ్చెను. మా మిత్రుడు చెప్పినట్లే చేసెను. పోలీసులు వచ్చుటకు ముప్పావు గంట పట్టినది. అప్పటికి ఆకాశమున ఏమియు లేదు. కాని అది మరలిన దిక్కున, రెండు వీధులకు ఆవల, ఒక ఫంక్షను హాలులో పెండ్లి జరుగుచుండెను. కానిస్టేబులు పోయి చూడగా ఇరువదేండ్ల కుర్రవాడు, ఫొటోగ్రాఫరు, డ్రోనును పెట్టెలో సర్దుకొనుచు కనబడెను. ఊరేగింపును పైనుండి తీయుటకు ముందు గాలి, ఎత్తు చూచుకొనుటకు నిలిపితిని, ఆ మేడ చదునుగానున్నదని దానిమీద నిలిపితిని అని చెప్పెనట. అతనివద్ద డ్రోను రిజిస్ట్రేషను ఉన్నది, పైలటు ధ్రువపత్రము లేదు. స్టేషనులో వివరములు వ్రాసికొనిరి. ఆ సంగతి ఇంకను నడుచుచున్నది.

మరునాడు ఆ కుర్రవాడు తండ్రిని వెంటబెట్టుకొని మా మిత్రుని యింటికి వచ్చి, వారి యెదుటనే ఆ నాలుగు దినముల చిత్రములను తుడిచివేయబోయెను. ఇంటి యిల్లాలు ఒక్క నిమిషము ఆగుమనెను. తన మేడ పైనుండి ఎట్లుండునో ఆమె ఎన్నడును చూచియుండలేదు. కోడలును ప్రక్కకు వచ్చి నిలిచెను. తులసికోట, ఆరబెట్టిన వడియముల బట్ట, ప్రక్కవారి నీళ్ళ ట్యాంకికి మూత లేకపోవుట కనబడినవి. ఆ మూత సంగతి వారికి చెప్పవలెనని అనుకొనిరి. పిమ్మట కుర్రవాడు అన్నియు తుడిచివేసెను.